ఈ వయసులో కోచింగేంట్రా? కెరీర్ కోచ్ గురించి నాకు అర్థమైనంత

ముప్పై ఐదేళ్లొచ్చాక కోచింగ్‌లో చేరానని ఇంట్లో చెప్తే మా అమ్మ పప్పుకి పోపు పెడుతూ వెనక్కి తిరిగి "ఏం పరీక్ష రాస్తున్నావ్‌రా, గ్రూప్ వన్నా?" అంది. తప్పు ఆవిడది కాదులెండి. బెంజ్ సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా ఏ ఫ్లెక్సీ చూసినా ర్యాంకులూ పిల్లల ఫొటోలే, ఎంసెట్ పేరు మార్చి ఈఏపీసెట్ అన్నా మనం ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం, విజయవాడలో పెరిగినవాడికి కోచింగ్ అంటే తెల్లారకుండా లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి బుర్రలోకి ఎక్కించడం. అంతే. దానికి ఇంకో అర్థం ఉంటుందని మనకెవరూ చెప్పలేదు.

నాకూ తెలీదు, అందుకే మొదటిసారి డబ్బులు పోగొట్టుకున్నా. రెండోసారి పర్లేదు, ఉపయోగపడింది. ఈ మధ్య అపార్ట్‌మెంట్‌లో ఒకళ్లు, మా గుంటూరు బ్యాచ్‌లో ఇద్దరు "కెరీర్ కోచ్‌ని పెట్టుకోవచ్చా, అంత డబ్బు దండగా?" అని అడిగారు, అందరికీ ముక్కలు ముక్కలుగా ఫోన్లో చెప్పేకంటే ఓచోట రాసేస్తే పోతుంది కదా అని కూర్చున్నా.

చిక్కు ఆ మాట దగ్గరే ఉంది. హంగరీలో కోచ్ అనే ఊళ్లో చేసే గుర్రబ్బండికి ఆ ఊరి పేరే వచ్చింది, మన రైలు పెట్టెని కోచ్ అనేది కూడా దాన్నుంచే. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ స్టూడెంట్లు పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని కోచ్ అని సరదాగా పిలవడం మొదలెట్టారు, బండెక్కించుకుని అవతల దింపేస్తాడని. అది తర్వాత ఆటల్లోకి వెళ్లింది. మన ఇంటర్ కాలేజీల కోచింగ్ ఆ ఆక్స్‌ఫర్డ్ అర్థంలోదే, పరీక్ష గట్టెక్కించేది.

ఇప్పుడు కెరీర్ కోచ్ అనేవాళ్లది మాత్రం వేరే దారి. 1970ల్లో అమెరికాలో తిమోతీ గాల్వే అని టెన్నిస్ నేర్పే ఆయన ఒకటి గమనించాడు, చెయ్యి ఇలా పెట్టు కాలు అలా పెట్టు అని చెప్తున్నంతసేపూ ఆడేవాడు బిగుసుకుపోతున్నాడు, చెప్పడం ఆపేసి బాల్ ఎక్కడ పడుతోందో నువ్వే చూసుకో అంటే వాడంతట వాడే సర్దుకుంటున్నాడు. బ్రిటన్లో జాన్ విట్‌మోర్ అని ఒకప్పుడు కార్ రేసులు నడిపిన ఆయన, ఇంకొందరూ కలిసి ఈ పద్ధతిని ఆఫీసుల్లోకి తెచ్చారు. అక్కడ్నుంచి వచ్చిందే ఇప్పుడు ప్రతి కోచ్ నోట్లో నలిగే గ్రో అనే పద్ధతి, నీకేం కావాలి, ఇప్పుడెక్కడున్నావ్, ఏమేం దారులున్నాయ్, అందులో ఏది చేస్తావ్ ఎప్పుడు చేస్తావ్, ఈ నాలుగు ప్రశ్నలే. అంటే మన లెక్చరర్ జవాబులు చెప్తాడు, ఈయన ప్రశ్నలు అడుగుతాడు. ప్రశ్నలడగడానికి డబ్బులా అని మీరు అనుకోవచ్చు, నేనూ అనుకున్నా, దాని సంగతి తర్వాత.

ముందు ఇంకో గందరగోళం. మన దగ్గర కెరీర్ కోచ్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లలో అరడజను రకాల పనులు చేసేవాళ్లు ఉంటారు. ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ ఒకటి, నిజమైన కన్సల్టెన్సీకి డబ్బులిచ్చేది కంపెనీ, మిమ్మల్నే అడుగుతున్నారంటే అక్కడే లేచి వచ్చేయడం మంచిది. రెజ్యూమె రాసిపెట్టేవాళ్లు వేరు, అది టైలరింగ్ లాంటి పని, కొలతలిస్తే కుట్టిస్తారు, తప్పేం లేదు. ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించేవాళ్లు ట్రైనర్లు. మెంటార్ అంటే మీ ఫీల్డ్‌లోనే మీకంటే పదేళ్లు ముందు నడిచినవాడు, వాడి అనుభవం వాడు చెప్తాడు, మామూలుగా డబ్బులు తీసుకోడు, మన ఇళ్లల్లో ఆ పోస్ట్ మామయ్యలది, కాకపోతే మామయ్య కరెంటాఫీసులో చేసి రిటైరై ఉంటాడు మీకేమో డేటా ఇంజినీరింగ్ గురించి సలహా కావాలి, అదీ తంటా. ఇక పదో తరగతి పిల్లాడికి ఎంపీసీనా బైపీసీనా అని టెస్టులు పెట్టి చెప్పేవాళ్లు కెరీర్ కౌన్సెలర్లు. వీళ్లందరూ ఉపయోగమే, కానీ పంటినొప్పికి కళ్లడాక్టర్ దగ్గరకెళ్లి వాడేం పనికిరాడు అంటే ఎట్లా.

మా పిన్ని కొడుకు సూర్యారావుపేట హాస్పిటల్స్ చుట్టూ తిరిగే మెడికల్ రెప్, పదకొండేళ్ల నుంచి అదే బ్యాగు అదే బైకు, ఏరియా మేనేజర్ అవ్వట్లేదని కోచ్ కావాలన్నాడు. కాసేపు మాట్లాడితే తేలిందేంటంటే వాళ్ల కంపెనీలో మేనేజర్ పోస్టుకి ఎక్సెల్‌లో సేల్స్ రిపోర్టు చేసి రీజినల్ మీటింగ్‌లో ఇంగ్లీషులో చెప్పాలి, వాడికి ఆ రెండూ భయం. దానికి కోచ్ ఎందుకండీ, ఎక్సెల్ నేర్చుకుని వారానికి రెండుసార్లు ఎవడో ఒకడి ముందు నిలబడి మాట్లాడితే సరిపోతుంది. నేర్చుకుంటున్నాడు. ఇంకో పక్క మా బావ, కార్పొరేట్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, జీతం బాగుంది పేరుంది, కానీ ఆదివారం సాయంత్రమైతే చాలు ముఖం వాడిపోతుంది, ఉద్యోగం మానేయాలా, సొంతంగా ట్యూషన్ పెట్టాలా, ఆన్‌లైన్ కంటెంట్ రాయాలా, పిల్లల ఫీజులెట్లా, మూడేళ్లుగా ఇదే అరిగిపోయిన రికార్డు. ఈయనకి కొత్త విద్యేం అక్కర్లేదు, నిర్ణయం కుదరట్లేదు. కోచ్ పనికొచ్చేది ఇలాంటి చోట.

కాబట్టి నేను అందరికీ చెప్పేది, ఎవరికన్నా ఫోన్ చేసేముందు మీ సమస్యని ఒక్క వాక్యంలో రాయండి. "నాకు ఫలానాది రాదు" అని వస్తే ట్రైనింగ్ చూసుకోండి. "నాకు ఫలానా రంగం గురించి తెలీదు" అని వస్తే ఆ రంగంలో ఉన్నవాణ్ణి పట్టుకోండి, టీ తాగించండి. "నాకు తెలుసు, చేయలేకపోతున్నా" అనో "రెండింట్లో ఏదో తేల్చుకోలేకపోతున్నా" అనో వస్తే అప్పుడు కోచ్. ఇంకోటుంది, చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకడమే వేస్ట్ అనిపించడం, ఇది కెరీర్ సమస్యలా కనపడుతుంది కానీ కోచ్ చేతిలో పని కాదు, డాక్టర్ కావాలి, లేదా టెలీ మానస్ 14416కి చేయండి, గవర్నమెంటుది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. మంచి కోచ్ అయితే ఈ మాట తనే చెప్తుంది. సెషన్లు అమ్ముడుపోవాలనుకునేవాడు చెప్పడు.

ఇప్పుడు అర్హతల సంగతి. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సీఏకి ఇన్‌స్టిట్యూట్ ఉంది, లాయర్‌కి బార్ కౌన్సిల్ ఉంది, దీనికేం లేదు, రేపు పొద్దున్న నేను లింక్డిన్‌లో పేరు పక్కన కోచ్ అని పెట్టుకుంటే అడిగేవాడు లేడు. ఉన్నదల్లా ప్రైవేటు సంఘాల సర్టిఫికెట్లు, అందులో ఎక్కువ వినపడేది 1995లో అమెరికాలో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, ఐసీఎఫ్. వాళ్ల దగ్గర మూడు మెట్లు. ఏసీసీ అంటే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటలు మనుషులకి కోచింగ్ ఇచ్చిన అనుభవం. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటలు. మూడేళ్లకోసారి రెన్యువల్ కూడా ఉంటుంది. వాళ్ల సైట్‌లో పేరు కొడితే సర్టిఫికెట్ నిజమా కాదా తెలిసిపోతుంది, రెండు నిమిషాల పని.

కానీ ఒక్క మాట, ఆ సర్టిఫికెట్ చెప్పేది ఆ కోచ్‌కి వినడం వచ్చు, అడగడం వచ్చు అని. మీ ఫార్మా కంపెనీలో ప్రమోషన్ ఎలా వస్తుందో ఆ కోచ్‌కి తెలుసని కాదు. సర్టిఫికెట్ లేని మంచివాళ్లూ ఉంటారు, ముప్పై ఏళ్లు హెచ్‌ఆర్‌లో చేసినవాళ్లు. నా లెక్కలో సర్టిఫికెట్ అనేది డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది, ఉంటే బండి నడపడం వచ్చని అర్థం, మన బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఎట్లా నడుపుతాడో పక్కన కూర్చుంటేనే తెలిసేది.

పక్కన కూర్చోకుండా నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. ఇన్‌స్టాలో యాడ్ చూసి ఫ్రీ వెబినార్‌కి వెళ్లా, రెండు గంటలు, చివర్లో "ఈ రాత్రి పన్నెండు లోపు చేరితే సగం రేటు" అన్నారు, 45,000, గబగబా కట్టేశా. కట్టాక జీఎస్టీ అదనం అన్నారు, 18 శాతం అంటే ఇంకో 8,100, మొత్తం 53,100. బిల్లు అడిగితే వచ్చిన పీడీఎఫ్‌లో జీఎస్టీ నంబరే లేదు. కోచింగ్ అంటే వాట్సాప్ గ్రూపులో రెండొందల మందితో పాటు రోజూ పొద్దున్నే ఓ కొటేషను, వారానికో జూమ్ క్లాసు, అందరికీ ఒకటే రెజ్యూమె టెంప్లేటు. నా పేరు ఆ వెబినార్ కోచ్‌కి చివరిదాకా తెలీదు, "చాంప్" అనేవాడు. మళ్లీ అదే స్టడీ అవర్ అన్నమాట, హాస్టల్ సాంబారు ఒక్కటే తక్కువ.

ఆ జీఎస్టీ సంగతి కొంచెం తెలుసుకుంటే మంచిది. సర్వీసుల్లో ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉన్నవాళ్లకి మన రాష్ట్రంలో మామూలుగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అంటే చిన్న కోచ్ జీఎస్టీ వేయకపోతే అనుమానించక్కర్లేదు. నంబర్ లేకుండా జీఎస్టీ వసూలు చేస్తే మాత్రం అనుమానించాల్సిందే. ఉన్న నంబర్‌ని జీఎస్టీ సైట్‌లో చూసుకోవచ్చు. రీఫండ్ షరతులు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా పర్లేదు, రేపు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేసినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఉద్యోగం ఇప్పిస్తానని ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తకపోతే అది సైబర్ మోసం, దానికి హెల్ప్‌లైన్ 1930, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

రెండోసారి జాగ్రత్తపడ్డా. ముగ్గురితో మాట్లాడా. మొదట పావుగంట అరగంట ఫ్రీగా మాట్లాడతారు చాలామంది, పెళ్లిచూపుల్లాంటిది, వాళ్లు మనల్ని చూస్తారు మనం వాళ్లని చూస్తాం. అక్కడ నేను గమనించింది ఎవరెంతసేపు మాట్లాడారు అని. ఒకాయన అరగంటలో పాతిక నిమిషాలు ఆయన సక్సెస్ స్టోరీలే చెప్పాడు. ఇంకొకాయన మూడు నెలల్లో ముప్పై శాతం హైక్ గ్యారంటీ అన్నాడు, హైక్ ఇచ్చేది మా కంపెనీ అయితే గ్యారంటీ ఈయనెట్లా ఇస్తాడో నాకర్థం కాలేదు. మూడో ఆవిడ నేను చెప్పిందంతా విని, "ఇది ఆరు సెషన్లలో తేలకపోతే నేను మీకు సరిపోనట్టే, అప్పుడు ఆపేద్దాం" అంది. సెషన్‌కి 3,500, ఆరింటికి 21,000, ఒకేసారి కట్టక్కర్లేదు, అయిన సెషన్‌కి అయినట్టు. ఒక పేజీ అగ్రిమెంట్ పంపింది, నేను చెప్పేవి బయటకి పోవని, సెషన్ రద్దు చేయాలంటే ఒకరోజు ముందు చెప్పాలని, ఆవిడ ఉద్యోగాలు ఇప్పించదని. ఆ చివరి లైన్ చూశాక నమ్మకం కుదిరింది.

భాష కూడా చూసుకోండి, దీని గురించి ఎవరూ చెప్పరు. నేను ఇంటర్వ్యూలు ఇంగ్లీషులో బానే లాగించేస్తా, కానీ మేనేజర్ మీటింగ్‌లో అందరి ముందు తీసిపడేసినప్పుడు లోపల ఎలా అనిపించిందో ఇంగ్లీషులో చెప్పమంటే నీళ్లు నములుతా. ఈవిడ నెల్లూరావిడ, ఉండేది బెంగళూరులో, తెలుగులో తిట్టుకునేంత చనువు ఇచ్చింది. అన్నట్టు ఆన్‌లైన్ అంటే ఇంట్లో కూర్చుని చేయొచ్చు అనుకుంటాం, ఉమ్మడి కుటుంబంలో హాల్లో టీవీ పక్క గదిలో నాన్న, "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అనే మాట గట్టిగా అనగలరా మీరు? నేను కారు తీసుకెళ్లి కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్ దగ్గర ఆపుకుని అందులో కూర్చుని మాట్లాడేవాణ్ణి. ఎండాకాలం ఏసీ ఆన్‌లో పెట్టి, పెట్రోల్ ఖర్చు కూడా ఫీజులో కలుపుకోవాలి.

సెషన్‌లో ఏం జరుగుతుందో చెప్తా, ఎందుకంటే బయట్నుంచి చూస్తే కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. నేను వెళ్లింది మేనేజర్ అవ్వాలని. హైదరాబాద్ కంపెనీ, 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చినవాణ్ణి ఇక్కడే ఉండిపోయా, ఇప్పుడు వారానికి మూడ్రోజులు ఆఫీసుకి రమ్మంటున్నారు, నాకేమో జూనియర్లు ముందుకెళ్లిపోతున్నారని మంట. ఆవిడ అడిగింది, మేనేజర్ అయ్యాక సోమవారం పొద్దున్న పదింటికి మీరేం చేస్తూ ఉంటారు చెప్పండి అని. చెప్పడం మొదలెట్టా, మీటింగు, ఇంకో మీటింగు, ఎవరో రాజీనామా, అప్రైజల్ గొడవ, చెప్తుంటేనే నాకే విసుగొచ్చింది. సరే మరి మీకు పని చేస్తుంటే టైమ్ తెలియని రోజు ఈమధ్య ఎప్పుడొచ్చింది అంది. ఆలోచిస్తే అది డేటాబేస్ ఒకటి పడిపోతే రాత్రి రెండింటిదాకా కూర్చుని పట్టుకున్న రోజు. అంటే నాకు కావాల్సింది కుర్చీ కాదేమో, ఆ పనికి తగ్గ గుర్తింపూ డబ్బూ అయ్యుండొచ్చు, అది మేనేజర్ అవ్వకుండా సీనియర్ టెక్నికల్ దారిలో కూడా రావొచ్చు. ఈ ముక్క మా స్నేహితులు ఎవరూ అడగలేదు, వాళ్లందరూ "నీకేం తక్కువరా, వాడికంటే నువ్వే నయం" అన్నారు, వినడానికి బావుంటుంది గానీ పనికిరాదు.

మూడో సెషన్‌లో ఇంకోటి అడిగింది, "మీరు విజయవాడలో ఉండటం మీ నిర్ణయమా, వాయిదా వేసుకుంటూ వస్తున్నారా?" దానికి నాకు వారం పట్టింది. అమ్మానాన్నల ఆరోగ్యం, పాప స్కూలు, ఇంటి లోను, అన్నీ ఒక పేపర్ మీద రాసి మా ఆవిడతో కూర్చున్నా, నిజం చెప్పాలంటే ఆ మాటలు మేమిద్దరం నాలుగేళ్ల కిందటే మాట్లాడుకోవాల్సింది. ఇక్కడే ఉంటాం అని తేల్చుకున్నాం. అది తేలాక మిగతా వెతుకులాట చిన్నదైపోయింది, రిమోట్‌గా చేసుకోనిచ్చే టెక్నికల్ రోల్, అంతే.

ఇక సెషన్‌కి సెషన్‌కి మధ్య పని, అసలు డబ్బులు అక్కడ వసూలవుతాయి. గంట మాట్లాడి రెండు వారాలు ఏం చేయకపోతే అది కబుర్లే. నాకిచ్చిన పని, పాత పరిచయాల్లో పదిమందితో మాట్లాడటం, ఉద్యోగం అడక్కుండా, వాళ్ల కంపెనీలో ఈ రోల్ ఎలా ఉంటుందో కనుక్కోవడం. నేను రోజూ కలిసే ఫ్రెండ్స్ లిస్టు రాశా, ఆవిడ కొట్టేసింది. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు అమెరికాలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఎక్కువమందికి ఆ కబురు రోజూ కలిసేవాళ్ల నుంచి రాలేదు, అప్పుడప్పుడూ, ఎప్పుడో ఓసారి కలిసేవాళ్ల నుంచి వచ్చింది. కారణం తేలికే, మన దగ్గరవాళ్లకి తెలిసింది మనకీ తెలుసు, దూరపువాళ్లకి వేరే ప్రపంచం తెలుసు. బ్రాడీపేటలో మేం అద్దెకున్న రూమ్‌కి పై అంతస్తులో ఒకతను ఉండేవాడు, పన్నెండేళ్లు మాట్లాడలేదు, మెసేజ్ పెట్టడానికి మొహమాటంతో నాలుగు రోజులు తచ్చాడా. పెట్టా. నాకు చివరికి పనికొచ్చిన కబురు అతని దగ్గర్నుంచే వచ్చింది.

కంపెనీయే కోచ్‌ని ఇస్తే లెక్క కొంచెం మారుతుంది. డబ్బు వాళ్లది కాబట్టి హెచ్‌ఆర్‌కి ఏం తెలుస్తుంది అనేది మొదటి రోజే ముగ్గురి మధ్యా తేల్చుకోవాలి, మామూలుగా సెషన్లు ఎన్నయ్యాయి, లక్ష్యం ఏంటి అనేదాకా చెప్తారు, లోపలి మాటలు చెప్పకూడదు. తేలకపోతే ఉద్యోగం మారే ఆలోచన అక్కడ ఎత్తకండి.

డబ్బు పెట్టలేనివాళ్లకి కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఉద్యోగాలతో పాటు కెరీర్ కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. లేకపోతే ఓ స్నేహితుణ్ణి పట్టుకుని పదిహేను రోజులకోసారి గంట కూర్చోండి, ఒకటే షరతు, వాడు సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే అడగాలి. మన గుంటూరోళ్లతో ఇది కుదరడం కష్టం, నా ఫ్రెండ్ ఏడో నిమిషంలో "నువ్వు ఇలా చెయ్‌రా" అని మొదలెట్టేశాడు, అయినా ఒక రెండు ప్రశ్నలు బాగానే అడిగాడు.

ఎప్పుడు ఆపాలో కూడా ముందే అనుకోండి. మూడు సెషన్లయ్యాక మీరు చేసిన పనేదీ చూపించలేకపోతే, తప్పు ఎవరిదైనా సరే, ఆపేయొచ్చు. ప్రతి చిన్నదానికీ ఆవిణ్ణి అడగాలనిపిస్తున్నా ఆపాల్సిందే. నాకు ఐదో సెషన్‌కే ఆఫర్ వచ్చేసింది, నోటీస్ పీరియడ్ ఎలా మాట్లాడాలో చూసుకున్నాం, ఆరోది ఇప్పుడు వాడకండి కొత్త చోట మూడు నెలలయ్యాక వాడుకోండి అంది ఆవిడ. వాడా. సగం టైమ్ కొత్త మేనేజర్ మీద చాడీలే సరిపోయింది, ఆవిడ మళ్లీ అదే అడిగింది, సరే ఇందులో మీరేం చేస్తారు, ఎప్పుడు చేస్తారు. శుక్రవారం మాట్లాడతా అన్నా. ఆ శుక్రవారం ఆయన లీవు, తర్వాతి బుధవారం మాట్లాడా.